కొన్న పాటలు కారులో పలకాలంటే

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

అమ్మడూ, డబ్బు పెట్టి కొన్న పాటలు కంప్యూటర్లో చక్కగా పాడుతున్నాయి, పెన్‌డ్రైవ్‌లో వేసి కారులో పెడితే సగం కనబడటం లేదు, కనబడినవి కూడా వరస తప్పి వస్తున్నాయి అని రాశావు. కార్ డెకార్ షాపువాళ్లు స్టీరియో మార్చమన్నారని కూడా రాశావు. ఇప్పుడే మార్చించకు. నువ్వు చెప్పిన లక్షణాలన్నీ ఫైళ్ల వల్ల, పెన్‌డ్రైవ్ వల్ల వచ్చేవే. ఒక ఆదివారం పూట కూర్చుంటే సరిచేసుకోవచ్చు.

ముందుగా ఒక అలవాటు చేసుకో. కొన్న ఫైలు కొన్నట్టుగా ఇంట్లో ఒక ఫోల్డర్లో ఉండాలి, దాన్ని ముట్టుకోకూడదు. కారు కోసం దానికి నకలు తీసి, మార్పులన్నీ ఆ నకలుకే చెయ్యాలి. అసలు ఫోల్డరు కంప్యూటర్లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, రెండు చోట్ల దాచు. అమ్మిన కొట్టులో ఎప్పుడంటే అప్పుడు మళ్లీ దించుకోవచ్చులే అనుకోకు. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ అనే పేరుతో ఎంపీ3 పాటలు అమ్మింది, 2013లో ఆ కొట్టు మూసేసింది. దించి దాచుకున్నవాళ్ల పాటలు మాత్రం ఇప్పటికీ పాడుతున్నాయి.

ఇక నీ దగ్గరున్న ఫైళ్లు ఏ రకమో చూడు. విండోస్‌లో ఫోల్డర్ తెరిచి, పైన వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్న దానికి టిక్కు పెడితే ప్రతి పాట పేరు చివర చుక్క, దాని వెనక తోక కనబడుతుంది. ఆ తోకలోనే సగం జబ్బు తెలిసిపోతుంది.

ఎంపీ3 అని ఉంటే దిగుల్లేదు, యూఎస్‌బీ ఉన్న స్టీరియోలు దాదాపు అన్నీ పాడతాయి. ఎం4ఏ అని ఉంటే అది ఆపిల్‌వాళ్ల ఐట్యూన్స్ కొట్టులో కొన్నది అయ్యుంటుంది. లోపలున్నది 256 కేబీపీఎస్ నాణ్యతలో, ఏఏసీ అనే పద్ధతిలో కుదించిన పాట, దానికి తాళం (వేరేచోట పాడనివ్వని కాపీ రక్షణ) లేదు. అయినా పాత స్టీరియోలకు, చవక స్టీరియోలకు ఏఏసీ చదవడం రాదు. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఆపిల్‌వాళ్ల లాస్‌లెస్ (నాణ్యత ఏమీ పోకుండా కుదించిన) పాటలకీ ఇదే ఎం4ఏ తోక ఉంటుంది. అందుకే ఒక ఎం4ఏ పాడి, పక్కనున్న ఎం4ఏ పాడకపోతే స్టీరియో పాడైందనుకుంటారు. ఏఏసీ వచ్చిన స్టీరియోకి లాస్‌లెస్ రాకపోవచ్చు, అంతే.

ఎం4పీ అని ఉంటే దానికి తాళం ఉన్నట్టు. అల్లుడుగారు అమెరికాలో ఉండగా 2006, 2007లలో కొన్నారన్నావే, అవి ఇవే. ఆపిల్ ఆ తాళాలను 2009లో ఎత్తేసింది. మన దేశంలో ఐట్యూన్స్ కొట్టు తెరిచింది 2012 డిసెంబర్‌లో కాబట్టి ఇక్కడ కొన్న పాటలకు ఈ బాధ లేదు. తాళం ఉన్న ఆ పాతవాటికి సక్రమమైన దారి ఒకటుంది. ఆ ఖాతాతోనే ఐట్యూన్స్‌లోకి వెళ్లి, వాటిని ప్లేలిస్టుగా కూర్చి ఆడియో సీడీగా రాయించు, తరవాత ఆ సీడీ నుంచి ఎంపీ3గా తీసుకో. ఒక్కో సీడీలో 80 నిమిషాలు పడతాయి. నెలకింత అని కట్టే ఆపిల్ మ్యూజిక్‌లో దించుకున్న పాటలకూ ఇదే ఎం4పీ తోక ఉంటుంది గానీ, అవి కొన్నవి కావు, అద్దెవి. వాటిని సీడీ రాయనివ్వదు, పెన్‌డ్రైవ్‌లో వేసినా పాడవు. వాటిని బ్లూటూత్‌లోనే వినాలి.

బ్యాండ్‌క్యాంప్ అనే పాటల వెబ్‌సైట్‌లో కొన్న ఆల్బమ్‌లు జిప్ కట్టగా దిగుతాయి. ఆ కట్టను అలాగే పెన్‌డ్రైవ్‌లోకి వెయ్యడం చాలామంది చేసే పొరపాటు. రైట్ క్లిక్ చేసి, ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ నొక్కి విప్పాకే వెయ్యాలి. అక్కడ దించుకునేటప్పుడు ఏ రకం కావాలో అడుగుతుంది. ఇంటి కోసం ఫ్లాక్ (ఇదీ లాస్‌లెస్ రకమే), కారు కోసం 320 కేబీపీఎస్ ఎంపీ3, రెండూ దించుకో. రెండోసారికి డబ్బు అడగరు. ఫ్లాక్ ఐదు నిమిషాల పాట 30 ఎంబీ పైనే ఉంటుంది, 320 ఎంపీ3 అయితే 12 ఎంబీ. ఇంజను మోత, టైర్ల రొద, ఏసీ గాలి మధ్య ఆ రెంటికీ తేడా పట్టడం కష్టం. పైగా ఫ్లాక్ చదివే స్టీరియోల్లో కూడా కొన్ని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అనే మరీ పెద్ద నాణ్యత పాట వస్తే మొరాయిస్తాయి.

ఎం4ఏలను ఎంపీ3 చెయ్యడానికి ఫ్రీఏసీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. పాటలు అందులోకి లాగి, ఎన్‌కోడర్‌గా (పాటను ఎంపీ3గా మార్చే భాగం) లేమ్ ఎంచుకుని, స్థిరమైన బిట్‌రేట్ (సెకనుకు పట్టే డేటా) 320 పెట్టు. 256లో ఉన్నదాన్ని 320కి మార్చితే నాణ్యత పెరగదు, మార్చేటప్పుడు పోయేది తగ్గుతుంది. అందుకే ఆ అంకె. స్థిరమైన బిట్‌రేట్ ఎందుకంటే, మారే బిట్‌రేట్ పాటలకు కొన్ని స్టీరియోలు నిడివి తప్పు చూపిస్తాయి, ముందుకు జరిపితే ఎక్కడికో దూకుతాయి. మ్యాక్ ఉంటే అందులో మ్యూజిక్ యాప్‌తోనే ఎంపీ3 వెర్షన్ చేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ఇంపోర్ట్ సెట్టింగ్స్‌ను ముందు ఎంపీ3కి మార్చు, లేకపోతే మళ్లీ ఏఏసీయే వస్తుంది.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ సంగతి. నువ్వు కొన్నది 128 జీబీది. 64 జీబీ, ఆ పైవి చాలావరకు కొట్టులోంచే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. చాలా స్టీరియోలకు తెలిసింది ఫ్యాట్32 ఒక్కటే. డివైస్ నాట్ సపోర్టెడ్ అనో, నో ఫైల్స్ అనో వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. నా మాట విని 32 జీబీది కొనుక్కో. 320 కేబీపీఎస్ పాటలు రెండున్నర వేల దాకా పడతాయి. పెద్దది పెడితే తాళం తిప్పినప్పుడల్లా స్టీరియో ఆ పాటలన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది, నువ్వు వీధి చివరికి చేరేదాకా పాట మొదలవదు. ఒంటి నిండా ఇనుమున్న పొడుగాటిది వద్దు, గోరంత బయటికి ఉండే పొట్టిది తీసుకో. గేరు వేసే చెయ్యి తగిలి పోర్టు వదులైపోకుండా ఉంటుంది. మూడొందలకే 1 టీబీ అని అమ్మేవి మోసం. అవి లోపల చిన్నవే, పెద్దవని చెప్పుకునేలా చేసినవి. నిండాక వేసిన పాటలు ఉన్నట్టే కనిపిస్తాయి గానీ పలకవు. అనుమానం ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో ఖాళీ డ్రైవ్‌ను నింపి, చదివించి చూడు.

ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది, ముందే చూసుకో. విండోస్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్ అని, ఫైల్ సిస్టమ్‌లో ఫ్యాట్32 ఎంచుకుని, మిగతావి ఉన్నట్టే ఉంచి స్టార్ట్ నొక్కు. నీ 128 జీబీదే వాడతానంటే ఆ పెట్టెలో ఫ్యాట్32 కనిపించకపోవచ్చు. అప్పుడు రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నాన్ బూటబుల్, ఎంబీఆర్, లార్జ్ ఫ్యాట్32 అని ఎంచుకుని చెయ్యి. ఎంబీఆర్ (మాస్టర్ బూట్ రికార్డ్, డ్రైవ్ లోపలి విభాగాల పట్టిక రాసే పాత పద్ధతి) ముఖ్యం. మ్యాక్‌లో చేసినా అంతే: డిస్క్ యుటిలిటీలో వ్యూ మెనూ నుంచి అన్ని డివైస్‌లూ చూపించమని, పైనున్న డివైస్‌ను పట్టుకుని ఎరేజ్‌లో ఎంఎస్-డాస్ ఫ్యాట్, మాస్టర్ బూట్ రికార్డ్ ఎంచుకో. స్కీమ్ జీయూఐడీ అనే కొత్త పద్ధతిలో ఉండిపోతే ఫ్యాట్ అయినా చాలా స్టీరియోలు చదవవు.

మ్యాక్ వాడేవాళ్లకి ఇంకో చికాకు. పెన్‌డ్రైవ్‌లోకి పాట వేసినప్పుడు దాని పేరుతోనే, ముందు చుక్క, అండర్‌స్కోరు తగిలించి ఒక దాపుడు ఫైలు కూడా పడుతుంది. కంప్యూటర్లో కనబడదు, స్టీరియోకి కనబడుతుంది. తెరమీద పాట పేరు వచ్చి, సున్నా సున్నా దగ్గరే ఆగి, తరవాతి పాటకి దూకేస్తుంది. పది పాటలుంటే ఇరవై లెక్క చూపిస్తుంది. నీకు అలా కనబడితే కారణం ఇదే. టెర్మినల్ తెరిచి dot_clean -m అని కొట్టి, చివర ఒక ఖాళీ పెట్టి, పెన్‌డ్రైవ్ బొమ్మని ఆ కిటికీలోకి లాగి ఎంటర్ నొక్కితే ఆ ఫైళ్లు పోతాయి.

వరస తప్పడం గురించి. కంప్యూటర్ మనకి పేర్లను అక్షర క్రమంలో పేర్చి చూపిస్తుంది. చాలా స్టీరియోలు ఆ శ్రమ పడవు, ఏ పాట ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కితే దాన్నే ముందు పాడతాయి. పేర్చేవి కూడా 1 తరవాత 10 పాడి, ఆ తరవాత 2కి వస్తాయి. కాబట్టి పాటల పేర్లకు ముందు 01, 02 అని రెండంకెలు పెట్టు, ఫోల్డర్లకీ అంతే. పేర్లను క్రమంలో పెట్టుకుని, అన్నిటినీ ఎంచుకుని, మొదటి పాటనే మౌసుతో పట్టుకుని లాగు. మధ్యలోదాన్ని పట్టుకుంటే అక్కణ్ణించి మొదలుపెట్టి ఎక్కిస్తుంది. అసలు తేలిక దారి ఏమిటంటే, కొత్త పాటలు కలిపినప్పుడల్లా పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి మొత్తం తిరిగి వెయ్యి, ఒక్కో ఫోల్డరూ వరసగా. ఎక్కించడం అయ్యాక ఎజెక్ట్ చెయ్యకుండా లాగితే చివరి రెండు మూడు పాటలు తెగిపోవచ్చు. ఫోల్డర్లో ఫోల్డరు, దాన్లో ఇంకోటి పెట్టకు. ఒక్క అంచె చాలు. ఒక్కో ఫోల్డర్లో వంద పాటలకు మించనివ్వకు.

పేర్లు తెలుగు లిపిలో పెట్టాలని నీకు ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ చాలా స్టీరియోల్లో తెలుగు అక్షరాలు లేవు. గడులో, ప్రశ్నార్థకాలో వస్తాయి. ఇంటి కాపీలో తెలుగులోనే ఉంచి, కారు కాపీకి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు పెట్టు. ఫైలు పేరు మార్చితే చాలదు, పాట లోపల ట్యాగ్ అని ఒకటి ఉంటుంది, స్టీరియో చూపేది చాలాసార్లు దాన్నే. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాటలన్నీ ఒకేసారి సరిచేసుకోవచ్చు. అందులో ఆప్షన్స్, ట్యాగ్స్, ఎంపెగ్ దగ్గర ఐడీ3వీ2.3 ఎంచుకో. 2.4 పద్ధతిలో రాసినవి పాత స్టీరియోలకు అర్థం కావు, అన్‌నోన్ అని చూపిస్తాయి. ఆల్బమ్ బొమ్మ 500 పిక్సెళ్ల మామూలు జేపీఈజీగా ఉంచు. ప్రోగ్రెసివ్ జేపీఈజీ అనే రకం అయితే కొన్ని స్టీరియోల్లో కనబడదు, మరీ పెద్దదైతే పాట మొదలవడానికి ముందు స్టీరియో తడబడుతుంది.

ఇంకొకటి, దీన్ని వదిలెయ్యకు. ఘంటసాల పాట వింటూ గొంతు వినబడక వాల్యూమ్ 25కి పెంచుతావు, వెంటనే నిరుడు వచ్చిన పాట తగిలి చెవులు పగిలినంత పనవుతుంది. వెనక పాప నిద్రపోతుంటే ఉలిక్కిపడి లేస్తుంది. రికార్డింగుల బిగ్గరతనంలో తేడా అది. ఎంపీ3గెయిన్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని సమం చేస్తుంది. పాటని మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యదు, లోపలున్న అంకెను ఒకటిన్నర డెసిబెల్ మెట్లలో జరుపుతుంది, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు కూడా. అందులో లక్ష్యం 89 అని ఉంటుంది, దాన్ని అలాగే ఉంచి ట్రాక్ గెయిన్ నొక్కు. ఎర్రగా క్లిప్పింగ్ అని చూపిస్తే ఆ పాటని అంత పెంచకు, గొంతు చీలినట్టు వస్తుంది. కచేరీ ఆల్బమ్‌కి మాత్రం ఆల్బమ్ గెయిన్ వాడాలి. ట్రాక్ గెయిన్ వాడితే మెత్తగా సాగే ఆలాపన, తని ఆవర్తనం ఒకే ఎత్తుకొచ్చి కచేరీ కళ పోతుంది. కచేరీలో ట్రాకుల మధ్య చిన్న ఖాళీ కూడా వస్తుంది, అది ఎంపీ3 స్వభావం. రాగం, తానం, పల్లవి విడివిడి ట్రాకులైతే ఒకే ఫైలుగా కలిపేసుకో.

కారులో రెండు యూఎస్‌బీ పోర్టులుంటే మెరుపు గుర్తున్నది సాధారణంగా ఛార్జింగ్‌కి మాత్రమే. మూడు కొమ్మల గుర్తున్న దాంట్లో పెట్టాలి. ఫోను వైరుతో పెడితే పాటలు కనబడటం లేదన్నావు. ఆండ్రాయిడ్ ఫోను ఫైళ్లను ఎంటీపీ పద్ధతిలో చూపిస్తుంది, మామూలు స్టీరియో పెన్‌డ్రైవ్‌నే గుర్తుపడుతుంది, అందుకని. ఆక్స్ వైరు వేస్తే ఫోను వాల్యూమ్ ముప్పాతిక పైన ఉంచి, మిగతాది స్టీరియోలో పెంచుకో. ఫోను కారులోనే ఛార్జింగ్‌లో ఉంటే ఇంజను వేగంతో పాటు పెరిగే కూత వినబడుతుంది. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా ఆక్స్ వైరు మధ్యలో తగిలిస్తే అది పోతుంది. ముందు ఛార్జర్ తీసి చూడు, కూత ఆగితే కారణం అదే. మళ్లీ కారు మార్చి ఆండ్రాయిడ్ ఆటో ఉన్నది కొంటే, ఫోన్లో వీఎల్‌సీ గానీ పవరాంప్ గానీ వేసుకుంటే సొంత ఫైళ్లన్నీ తెరమీదే వస్తాయి.

రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన కారులో పెన్‌డ్రైవ్ వదిలెయ్యకు. చాలా కంపెనీలు వాటికి పనిచేసే వేడి హద్దు 60 డిగ్రీలనే చెబుతాయి, కొన్ని ఇంకా తక్కువే. ఎండలో అద్దాలు మూసిన కారులో డ్యాష్‌బోర్డు అంత వేడీ ఎక్కుతుంది. తీసి హ్యాండ్‌బ్యాగులో పడెయ్యి.

ముందుగా అన్నీ చెయ్యబోకు. ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒకే ఫోల్డరు, పది ఎంపీ3లు వేసి, బండి ఆపి ఉన్నప్పుడే పెట్టి చూడు. అవి పాడితే తరవాత రెండు ఎం4ఏలు కలిపి చూడు, నీ స్టీరియోకి ఏం వచ్చో తేలిపోతుంది, అనవసరంగా అన్నీ మార్చే పని తప్పుతుంది. అప్పటికీ ఏదైనా పాట దగ్గర ఆగిపోతుంటే ఆ తెర ఫొటో, ఆ ఫైలు తోకతో సహా పూర్తి పేరు నాకు పంపు.

అల్లుడుగారిని అడిగానని చెప్పు, పాపకి ముద్దులు.

మీ మావయ్య