సర్టిఫికెట్ కోసం ఆగకు

బరంపురం

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

భువనేశ్వర్‌లో కంపెనీ లాయరు ఉద్యోగం వదిలేశావనీ, ఆస్‌బెస్టాస్ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్ల కేసులు చూస్తానంటున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చెప్పడం ఏమిటి, అరిచాడు. నేనే నీకు ఎక్కించానని వాడి అనుమానం. సాయంత్రం కాఫీ హోటల్లో కనబడిన ప్రతివాడికీ మా మనవరాలు ఇలా చేస్తోందని చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

నేను ప్లీడర్ని కాను, ప్లీడరు గుమస్తాని. ప్లీడరు ఏం వాదించాడో జనానికి గుర్తుంటుంది. కట్టలో ఏ కాగితం లేకపోయిందో గుమస్తాకి గుర్తుంటుంది.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. మనిషి రాగానే ఈఎస్ఐ కార్డు, అంటే కార్మికుల బీమా కార్డు, ఉందా అని అడుగు. ఉంటే ఆ దారిలోనే వెళ్లాలి, కార్మికుల పరిహారం కేసులు వినే కమిషనర్ దగ్గర దావా నిలవదు. లేకపోతే 1923 నాటి పరిహార చట్టం. దాన్ని ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు కాబట్టి పాత సెక్షన్ నంబరు వేసి ఆఫీసులో మాట పడకు. కాంట్రాక్టరు మనిషి, మాకు సంబంధం లేదని కంపెనీ అంటే అసలు యజమానినీ పార్టీగా చేర్చు. రెండేళ్ల గడువు దాటినా, తగిన కారణం చూపిస్తే కమిషనరు తీసుకోవచ్చు. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత బయటపడే జబ్బుకి అంతకన్నా కారణం ఏం కావాలి? మనిషి పోయాక కంపెనీవాళ్లు ఇంటికొచ్చి భార్య చేతిలో డబ్బు పెట్టి వేలిముద్ర తీసుకుంటే, అది పరిహారం కిందికి రాదు. చావు కేసులో సొమ్ము కమిషనర్ దగ్గర జమ కావాల్సిందే.

ఫీజు సంగతి ఒకటుంది. అమెరికాలో ఈ కేసులు చూసే లాయర్లు వచ్చినదాంట్లో వాటా తీసుకుంటారని సంబరంగా చెప్పావట. ఇక్కడ అలా కుదరదు తల్లీ. గెలిస్తే ఇంత శాతం అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. నీకు తెలియదని కాదు, మీ నాన్నకు తెలియదు. నువ్వు కోట్లు గడిస్తావని వాడు అందరికీ చెప్పకముందే ఆ ముక్క చెప్పు. ఇల్లు గడవడానికి వారంలో రెండు రోజులు చెక్ బౌన్సు కేసులు చేసుకో. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక అసలు సంగతి. మా ప్లీడరుగారు ఎంతటివారో నీకు తెలుసు. ఆయన చేసిన ఒక్క తప్పు గురించి రాస్తాను.

పర్లాకిమిడి వైపు నుంచి ఒకతను వచ్చాడు. ఒక ఫ్యాక్టరీలో బాయిలర్లకీ, స్టీము పైపులకీ వేడి పోకుండా ఆస్‌బెస్టాస్ తాడు, గుడ్డ చుట్టి, పైన ముద్ద పూసే పని చేసేవాడు. మన ఆఫీసు మెట్లు నాలుగే కదా, రెండెక్కి ఆగిపోయాడు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి గేట్‌పాస్ తీసి బల్ల మీద పెట్టాడు. వేళ్ల చివర్లు ఉబ్బి, గోళ్లు కిందికి వంగి ఉన్నాయి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ గంటసేపు చెప్పాడు. గుడ్డ ఎలా కోసేవాళ్లో, ముద్ద ఎక్కడ కలిపేవాళ్లో, పక్కన ఎవరుండేవాళ్లో అన్నీ చెప్పాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ సరుకు వచ్చిన ఖాళీ గోనెసంచులే పరుచుకుని పడుకునేవాళ్లట. ఇంటికెళ్తే భార్య పెరట్లో చొక్కా దులిపి ఉతికేదట.

ప్లీడరుగారు అంతా విన్నారు. “ముందు డాక్టరు సర్టిఫికెట్ రానీ, అప్పుడు పకడ్బందీగా వేద్దాం” అన్నారు. ఒక్క ముక్క కాగితం మీద పెట్టించలేదు. ఆస్పత్రిలో టీబీ అన్నారు. మందులు వాడాడు, తగ్గలేదు. మళ్లీ టీబీ అన్నారు, మళ్లీ మందులు. సర్టిఫికెట్ రాలేదు కానీ కార్తీక మాసంలో కబురొచ్చింది. పోస్టుమార్టం లేదు, దహనం అయిపోయింది, చీటీలన్నిటి మీదా టీబీ అనే ఉంది.

భార్య పేరు మీద దావా వేశాం. అవతలి ప్లీడరు ఆవిడని ఒకటే అడిగాడు, మీ ఆయన బీడీ తాగేవాడా అని. రోజుకో కట్ట అని ఆవిడ నిజం చెప్పింది. బీడీ వల్ల ఆస్‌బెస్టోసిస్, అదే ఈ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, రాదు. బీడీ తాగేవాడు ఈ దుమ్ములో పనిచేస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకా పెరుగుతుంది. ఆ మాట చెప్పడానికి మా వైపు డాక్టరు లేడు. ఫోర్‌మన్ బోనెక్కి, అతను యార్డు ఊడ్చేవాడు, బాయిలర్ దగ్గరికే రాలేదన్నాడు. ఫ్యాక్టరీ హాజరు పట్టీలో పేరు ఒకలా, ఆస్పత్రి చీటీలో ఒకలా, రేషన్ కార్డులో మరోలా ఉంది. తోటి పనివాళ్లలో ఒకడు భయపడ్డాడు, ఇంకొకడి జాడే లేదు. దావా కొట్టేశారు. వరండాలో ఆవిడ నన్ను పట్టుకుని అడిగింది: “బాబూ, ఆయన ఆ బల్ల మీద కూర్చుని మీ అందరికీ చెప్పాడు కదా, అది చాలదా?”

నువ్వు పంపిన అమెరికా తీర్పు, బోరెల్ అనే కార్మికుడిది, భూతద్దం పెట్టుకుని చదివాను. ఆయనదీ ఇదే పని, 1936లో చేరాడు. 1969లో దావా వేశాడు, 1970లో పోయాడు, తీర్పు 1973లో వచ్చింది. కానీ బతికుండగానే ఆయన వాంగ్మూలం తీసుకున్నారు. పని దిగేసరికి బట్టలు దులపకుండా చేతిలోకి తీసుకోవడమే కష్టమయ్యేంత దుమ్ము ఉండేదని ఆయన చెప్పిన మాట తీర్పులోనే ఉంది. మనిషి పోయినా మాట మిగిలింది.

కాబట్టి ఎక్స్‌రే, స్కాన్, ఊపిరి పరీక్ష ఏది చేతిలో ఉంటే దానితోనే దావా వెయ్యి. వెంటనే కమిషన్ వేయించి, అంటే సాక్ష్యం రాసుకునే మనిషిని మంచం దగ్గరికే పంపించేలా చేసి, సాక్ష్యం రికార్డు చేయించు. అవతలివాళ్ల ఎదురు ప్రశ్నలు కూడా అక్కడే అయిపోవాలి. సర్టిఫికెట్ తర్వాత రానీ. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు చేరిన రోజు నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకూ ఉంచాలి. ఆ రికార్డు ఇమ్మని మొదటి నోటీసులోనే అడుగు. లేదంటే లేదని రాతపూర్వకంగా తీసుకో. అదీ సాక్ష్యమే.

నీ మొదటి మనిషి గోపాల్‌పూర్ దగ్గర పల్లెలో ఉన్నాడట, గుజరాత్‌లో పాత ఓడలు విరిచే అలంగ్‌లో పనిచేసి వచ్చాడట. అక్కడికే విరవడానికి బయల్దేరిన ఫ్రాన్స్ వాళ్ల క్లెమాన్సో ఓడ ఆస్‌బెస్టాస్ గొడవతో 2006లో వెనక్కి పోయింది, పేపర్లన్నీ రాశాయి. అలంగ్‌లో ఆస్‌బెస్టాస్ పట్టుకున్న 94 మందికి ఎక్స్‌రేలు తీస్తే 15 మందికి మచ్చలు కనబడ్డాయని అప్పట్లోనే సుప్రీంకోర్టు కమిటీ నివేదికలో వచ్చింది. ఇతని దావాకి గుజరాత్ పరిగెత్తక్కర్లేదు, అతను ఉండే చోటే వెయ్యొచ్చు. రైలు ఖర్చులు నువ్వు పెట్టుకుంటానన్నావట. వద్దు.

నా భయాలు నీకు నవ్వు తెప్పిస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫానుకి మన వీధిలో ఆస్‌బెస్టాస్ రేకులన్నీ ముక్కలయ్యాయి. మీ నాన్నా నేనూ పొడి చీపుళ్లతో ఊడ్చి గట్టున పోశాం. దుమ్ము కంట్లో పడిందని తిట్టుకున్నాం తప్ప, అది ఇంకెక్కడ పడుతోందో ఆలోచించలేదు. నువ్వు అలాంటి చోట్ల నమూనాల కోసం రేకులు విరవకు, పాత సంచులు దులపకు. పనివాళ్ల బట్టలు ఎవరైనా తెచ్చి చూపిస్తే ముట్టుకోకు. ఆ తుఫానుకే ఆఫీసు బీరువాలో మూడు అరల కట్టలు నానిపోయాయి. ప్రతి కాగితం వచ్చిన రోజే ఫోన్‌లో ఫోటో తీసి రెండు చోట్ల దాచు, ఒరిజినల్ మాత్రం వాళ్లకే తిరిగిచ్చి రసీదు తీసుకో.

సోమవారం ఆ పల్లెకి వెళ్తున్నావని విన్నాను. అతని భార్యని కూడా పక్కన కూర్చోబెట్టుకో. బట్టలు ఎవరు ఉతికారో అడుగు, ఆవిడకీ ఎక్స్‌రే తీయించమని చెప్పు. పరిహారం రాకపోయినా మందైనా వేళకి అందుతుంది. అతను అలసిపోతే ఆపు, మర్నాడు మళ్లీ వెళ్లు. గేట్‌పాసు, పీఎఫ్ చీటీ ఉంటాయేమో ట్రంకు పెట్టె అడుగున పరిచిన పేపరు కింద కూడా చూడు, చాలామంది అక్కడే దాస్తారు. వచ్చేటప్పుడు కోర్టు వీధిలో దిగు, దావా చిత్తు ఒకసారి నేను చూస్తాను.

మీ తాతయ్య