గినీ పిగ్ దవడ కింద గడ్డ: మేకల మందు వాడొచ్చా?

ప్రశ్న: మేం మేకలు పెంచుతాం. పోయిన దసరాకు మా అమ్మాయి అడిగిందని పట్నం నుంచి రెండు గినీ పిగ్‌లు తెచ్చాం. రెండూ ఆడవే అని దుకాణంలో చెప్పారు. మేతగా వరిగడ్డి, క్యాబేజీ ఆకులు, అప్పుడప్పుడు క్యారెట్ వేస్తున్నాం. పది రోజుల కిందట ఒకదానికి దవడ కింద శనగగింజంత గడ్డ కనిపించింది. ఇప్పుడు ఉసిరికాయంత అయ్యింది. తిండి కొంచెం తగ్గింది. మేకలకు ఇలాంటి గడ్డలు లేస్తే బ్లేడుతో కోసి, చీము పిండి, టింక్చర్ పోసి, పెన్సిలిన్ ఇంజక్షన్ చేయిస్తాం. దీనికీ అలాగే చేయొచ్చా? సున్నం బెల్లం పట్టు వేస్తే పండి పగిలిపోతుందని ఊళ్లో పెద్దవాళ్లు అంటున్నారు. మా అమ్మాయి బాగా బెంగ పెట్టుకుంది. దయచేసి త్వరగా చెప్పగలరు.
– ఒక రైతు, నంద్యాల జిల్లా

జవాబు: పెన్సిలిన్ మాత్రం వేయించవద్దు. మిగతా విషయాలు తర్వాత నిదానంగా చదువుకోవచ్చు, ఈ ఒక్క మాట ఇప్పుడే ఇంట్లో అందరికీ చెప్పండి. మేకకు ప్రాణం పోసే ఆ మందే గినీ పిగ్‌కు ప్రాణం తీస్తుంది.

మీరు మేకలు, గొర్రెల మధ్య ఉన్నవారు కాబట్టి చిటుక రోగం గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. పేగుల్లో ఉండే క్లాస్ట్రీడియం జాతి సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి విషం వదలడంతో, సాయంత్రం దాకా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. గినీ పిగ్ పేగుల్లోనూ దాదాపు అదే జరుగుతుంది. అది తిన్న గడ్డి పెద్ద సంచిలాంటి పేగులో పులిసి అరుగుతుంది. ఆ పనంతా చేసేవి అక్కడి మంచి సూక్ష్మజీవులే. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమోక్సిసిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి మందులు వాటిని చంపేస్తాయి. ఖాళీ అయిన చోట క్లాస్ట్రీడియం డిఫిసిల్ పెరిగి విషం తయారు చేస్తుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే విరేచనాలు పట్టుకుని, ఒళ్లు చల్లబడి చనిపోతుంది. ఇంట్లో పిల్లల కోసం తెచ్చి మిగిలిపోయిన జ్వరం సిరప్‌లో కూడా చాలాసార్లు అమోక్సిసిలినే ఉంటుంది. అదీ వేయకూడదు.

పెన్సిలిన్ చరిత్రలో దీనికి సంబంధించిన ఘట్టం ఒకటి ఉంది. 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ అనే శాస్త్రవేత్త బృందం 8 చిట్టెలుకలకు స్ట్రెప్టోకోకస్ సూక్ష్మజీవులను ఎక్కించి, వాటిలో నాలుగింటికే పెన్సిలిన్ ఇచ్చింది. మందు అందని నాలుగూ మర్నాటికి చనిపోయాయి. ప్రపంచానికి పెన్సిలిన్ మీద నమ్మకం అక్కడ మొదలైంది. ఆ రోజు చిట్టెలుకలకు బదులు గినీ పిగ్‌లను తీసుకుని ఉంటే, ఈ మందు విషమని పక్కన పెట్టేసేవారేమో.

నా దగ్గరకు కొన్నేళ్ల కిందట ఒక తండ్రీకొడుకులు అట్టపెట్టెలో గినీ పిగ్‌ను తెచ్చారు. మెడ కింద చిన్న గడ్డ, అంతే. దానంతట అది ప్రాణం తీసే గడ్డ కాదు. కానీ మూడు రోజులుగా మందుల షాపులో ఇచ్చిన అమోక్సిసిలిన్ చుక్కలు వేస్తున్నారు. వచ్చేసరికే పొట్ట ఉబ్బి, వెనక వైపంతా తడిసి ఉంది. ఆ రాత్రి దాన్ని కాపాడలేకపోయాం. ఆ పిల్లవాడు ‘గడ్డ తగ్గిందా అంకుల్?’ అని అడిగాడు. గడ్డ నిజంగానే కాస్త తగ్గింది. అందుకే ఈ విషయాన్ని ఇంతగా నొక్కి చెబుతున్నాను.

ఇక గడ్డ విషయానికి వద్దాం. దవడ కింద, మెడ దగ్గర లేచి, వారం పది రోజుల్లో శనగగింజ నుంచి ఉసిరికాయంత అయ్యిందంటే అది చీముగడ్డ అయ్యే అవకాశమే ఎక్కువ. గినీ పిగ్‌లలో ఇది బాగా తెలిసిన జబ్బు. స్ట్రెప్టోకోకస్ జూఎపిడెమికస్ అనే సూక్ష్మజీవి నోటిలోని చిన్న గాయం ద్వారా లోపలికి వెళ్లి, మెడ దగ్గరి లింఫ్ గ్రంథుల్లో చేరి చీము పట్టిస్తుంది. మేకల్లో మీరు చూసే గడ్డల వ్యాధి వేరే సూక్ష్మజీవి వల్ల వస్తుంది గానీ, గ్రంథిలో చీము పట్టే తీరు మాత్రం ఒకలాంటిదే. ఆ మాటకొస్తే మేకల గడ్డలను దొడ్లోనే కోసి చీము నేల మీద పడేయడం కూడా మంచిది కాదు. ఆ చీములోని సూక్ష్మజీవులు మట్టిలో నెలల తరబడి బతికి, మందలోని మిగతా వాటికి అంటుకుంటాయి.

నోటిలో గాయం ఎలా అయ్యిందంటే, నా అనుమానం మీరు వేస్తున్న వరిగడ్డి మీదే. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, అంచులు పదును, మొదళ్లు గుచ్చుకుంటాయి. పశువు నోటికి అది లెక్క కాదు. కిలో కూడా తూగని ఈ జంతువు బుగ్గల లోపలి పొర చాలా మెత్తన. దానికి తోడు దీని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. సరైన గడ్డి నమలకపోతే అవి సమంగా అరగవు, పక్కలకు పెరిగిన పళ్లు నాలుకను, బుగ్గలను గీరుతాయి. పంటి మొదట్లోనే చీము పట్టి దవడ ఎముక మీదుగా గడ్డగా పైకి రావడం కూడా ఉంది. వేలితో మెల్లగా తాకి చూడండి. గడ్డ చర్మం కింద కదులుతోందా, లేక దవడ ఎముకకే అతుక్కుని గట్టిగా ఉందా? గడ్డం కింద వెంట్రుకలు జొల్లుతో తడిసి ఉన్నాయా? ఎముకకు అతుక్కుని, జొల్లు కూడా కారుతుంటే పంటి గడ్డ అయి ఉండొచ్చు. దానికి ఎక్స్‌రే తీయాలి, వైద్యమూ ఎక్కువ రోజులు పడుతుంది. తాకి చూడమన్నాను గానీ, నొక్కవద్దు, పిండవద్దు. లోపలి వైపు పగిలితే చీము రక్తంలోకి చేరి ఊపిరితిత్తుల దాకా పాకుతుంది.

అయితే గినీ పిగ్ ఒంటి మీద లేచిన ప్రతి గడ్డా చీముగడ్డ కాదు. నడుము వెనక, తోక మొదలుకు దగ్గర్లో నెలల తరబడి మెల్లగా పెరిగేది చాలావరకు వెంట్రుకల కుదుళ్ల దగ్గర పుట్టే మామూలు కణితి, ప్రాణానికి ప్రమాదం లేనిది. మెత్తగా, నొప్పి లేకుండా జారుతూ ఉండేది కొవ్వు గడ్డ కావచ్చు. పాలచన్నుల దగ్గర వస్తే మాత్రం అశ్రద్ధ చేయకూడదు, ఈ జాతిలో మగవాటికి కూడా అక్కడ కణితులు వస్తాయి. మెడతో పాటు చంకల్లో, తొడల మొదట్లో కూడా గ్రంథులు ఉబ్బి, జంతువు చిక్కిపోతుంటే రక్తానికి సంబంధించిన క్యాన్సర్‌ను అనుమానిస్తాం. వెనక కాళ్ల మధ్య రెండు గడ్డలున్నాయని కంగారుగా వచ్చేవాళ్లూ ఉంటారు. చూస్తే అవి మగదాని వృషణాలు. ఒంటికి మించి పెద్దగా కనిపిస్తాయి కాబట్టి పొరపాటు పడటం సహజం. దుకాణంలో ఆడవి అని చెప్పి మగవి ఇవ్వడం కూడా మామూలే. అందుకే డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు రెండింటినీ చూపించి ఆడో మగో తేల్చుకోండి. జతలో ఒకటి మగది అయితే మీ జబ్బు జంతువు చూలుతో ఉండొచ్చు. మత్తు ఇచ్చేముందు డాక్టర్‌కు ఆ విషయం తెలియాలి.

బ్లేడుతో ఇంట్లో కోయవద్దని ఎందుకు అంటున్నానంటే, దవడ కింద పెద్ద రక్తనాళాలు, లాలాజల గ్రంథులు చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి. పైగా మేక తట్టుకునే నొప్పిని ఇది తట్టుకోలేదు, ఆ భయానికే చనిపోవచ్చు. చీము కూడా నీళ్లలా కారిపోదు, గట్టి పెరుగులా, కొన్నిసార్లు జున్నులా ఉంటుంది. చుట్టూ తిత్తి కడుతుంది. పైపైన కోసి పిండితే తిత్తి లోపలే ఉండిపోయి, రెండు వారాలకు మళ్లీ అంతే గడ్డ లేస్తుంది. సున్నం బెల్లం పట్టు సంగతి చెబుతాను. మనిషికి సెగగడ్డ లేస్తే మా ఇంట్లోనూ వేసేవారు, పెద్దల మీద నాకు గౌరవమే. కానీ సున్నం ఈ పల్చటి చర్మాన్ని కాల్చేస్తుంది. అది కాలితో గోకి, నాకి, నోరు కూడా కాల్చుకుంటుంది. గడ్డలకు కొందరు కట్టే ఉమ్మెత్తాకు అసలే వద్దు, అది విషం.

రేపే బయలుదేరండి. మీ దగ్గరి పశు వైద్యశాలలో చిన్న పెంపుడు జంతువులను చూసే డాక్టర్ ఉన్నారేమో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. లేకపోతే తిరుపతి, గన్నవరం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. ప్రయాణం ఉదయం చల్లపూట పెట్టుకోండి, 30 డిగ్రీలు దాటితే దీనికి వడదెబ్బ తగులుతుంది. దారిలో గడ్డి అందుబాటులో ఉంచండి. ఆపరేషన్ అంటే రాత్రి నుంచి కడుపు మాడ్చాలని మనకు అలవాటు. గినీ పిగ్ వాంతి చేసుకోలేదు, పైగా దాని పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. కాబట్టి డాక్టర్ చెబితే తప్ప మేత ఆపవద్దు.

డాక్టర్ ముందు సన్నని సూదితో కొంచెం లాగి అది చీమేనా కాదా చూస్తారు. వీలైతే ఆ చీమును ల్యాబ్‌కు పంపి ఏ మందుకు లొంగుతుందో పరీక్ష చేయించమని అడగండి. అన్నిటికన్నా మంచి వైద్యం, మత్తు ఇచ్చి తిత్తితో సహా గడ్డను మొత్తంగా తీసేయడం. అది కుదరని చోట గడ్డను కోసి, శుభ్రం చేసి, కుట్లు వేయకుండా వదిలేస్తారు. గాయం తెరిచి ఉందని భయపడకండి, అలా ఉంచడమే వైద్యం. పైచర్మం ముందే మూసుకుపోతే లోపల మళ్లీ చీము చేరుతుంది. ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్ సల్ఫా లాంటి మందులు ఈ జంతువు పేగులకు కాస్త నప్పుతాయి. ఏది, ఎంత, ఎన్ని రోజులు అన్నది బరువు చూసి డాక్టరే రాయాలి. ఆయనకు గినీ పిగ్‌లు అలవాటు లేకపోతే, పెన్సిలిన్ దీనికి పడదని విన్నామండీ అని మీరే గుర్తు చేయండి. అందులో తప్పేమీ లేదు. నొప్పికి కూడా ఆయన రాసిందే వేయండి, మనుషుల మాత్రలు వద్దు.

ఇంటికొచ్చాక పని మీది. చెప్పినన్ని రోజులు, చెప్పిన పలచటి మందుతో లేదా గోరువెచ్చని సెలైన్‌తో, సూది తీసేసిన సిరంజీతో పుండు లోపలి దాకా కడగాలి. చేతులకు గ్లౌజులు వేసుకోండి. ఈ సూక్ష్మజీవి అరుదుగానైనా మనుషులకు సోకుతుంది కాబట్టి అమ్మాయి దాన్ని ఎత్తుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బోనులో రంపపు పొట్టు ఉంటే తీసేసి పాత నూలు బట్ట పరచి రోజూ మార్చండి. ఈగల సంగతి మీకు తెలిసిందే, మేక పుండు మీద పురుగులు పడటానికి ఒక్క పూట చాలు. బోను మీద దోమతెర కప్పండి. పురుగులు కనిపిస్తే మేకలకు వాడే టర్పెంటైన్ నూనె పోయవద్దు, డాక్టర్ దగ్గరకే తీసుకెళ్లండి.

ఈ రోజుల్లో గడ్డ కన్నా తిండి మీదే ఎక్కువ కన్నేసి ఉంచాలి. పూటంతా ఏమీ తినకపోయినా, పెంటికలు తగ్గినా, చిన్నవైనా అది అత్యవసరమే. పెల్లెట్ల దాణాను పొడి చేసి నీళ్లలో నానబెట్టి, సూది లేని సిరంజీతో నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా, నమిలి మింగేదాకా ఆగి ఆగి పట్టించండి. ఒకేసారి ఎక్కువ పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. వంటింటి కాటా మీద రోజూ ఒకే వేళకు తూచి రాసి పెట్టండి. ఆ లెక్క రాసే పని అమ్మాయికే అప్పగిస్తే తన బెంగ కూడా కొంత తీరుతుంది. 900 గ్రాములున్నది 810కి దిగితే పదో వంతు పోయినట్టే, వెంటనే ఫోన్ చేయండి.

ఇంకొకటి, మనిషిలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సి సొంతంగా తయారు చేసుకోలేదు. మేక చేసుకుంటుంది, కుందేలు చేసుకుంటుంది, ఇది చేసుకోలేదు. అది చాలకపోతే చిగుళ్లు చెడతాయి, కీళ్లు ఉబ్బుతాయి, పుండు మానదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, జబ్బులో ఇంకా ఎక్కువ. మీరు పెట్టే క్యారెట్‌లో అది చాలా తక్కువ. క్యాప్సికం, కొత్తిమీర రోజూ పెట్టండి, జామకాయ ముక్క, చిన్న ఉసిరి ముక్క అప్పుడప్పుడు. నీళ్లలో కలిపిన విటమిన్ చుక్కలు త్వరగా పాడైపోతాయి, వాటిని నమ్ముకోవద్దు. క్యాబేజీ ఎక్కువైతే పొట్ట ఉబ్బుతుంది.

వరిగడ్డి ఈ రోజే తీసేయండి. బయట ప్యాకెట్లలో అమ్మే ఖరీదైన గడ్డి కొనలేకపోతే బెంగ లేదు, మీ గట్ల మీది గరికే దీనికి మంచి మేత. మందు కొట్టని చోట కోసి, కడిగి పచ్చిగా కొంత, నీడన ఆరబెట్టి కొంత, ఎప్పుడూ ముందు ఉండేలా వేయండి. మేకలకు వేసే లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ. పెద్ద గినీ పిగ్‌కు రోజూ వేస్తే మూత్రంలో రాళ్లు వస్తాయి. లేత జొన్న, నాము (కోసిన జొన్న మోళ్ల నుంచి మళ్లీ లేచే పిలకలు) దగ్గరకే రానివ్వవద్దు.

రెండో దాన్ని ఇప్పుడే వేరే బోనులో పెట్టండి, గిన్నెలు కూడా వేరు. కానీ ఒకదాని గొంతు ఒకదానికి వినపడేలా బోన్లను ఒకే గదిలో, కాస్త ఎడంగా ఉంచండి. ఒంటరిదైతే ఈ జంతువు తిండి మానేస్తుంది. దాని దవడ కింద కూడా నెల రోజుల పాటు రోజూ వేళ్లతో తడిమి చూడండి. శనగగింజంత తగిలినా ఆ రోజే డాక్టర్‌కు చూపించండి.