పాత టర్బో స్పోర్ట్స్ కారుకీ ఇప్పటిదానికీ అసలు తేడా ఎక్కడుంది?

అడిగిన ప్రశ్న ఇది: "డెబ్బైల నుంచి ఇప్పటిదాకా టర్బో స్పోర్ట్స్ కార్లు ఎలా మారాయి? పాతవి నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. డాలస్‌లో ఉంటాను, తొంభైల నాటి జపాన్ టర్బో కారు ఒకటి కొనాలనుంది, రోజూ ఆఫీసుకి నడపగలనా?"

నేను డెట్రాయిట్ దగ్గర ఇంజిన్ కాలిబ్రేషన్ పనిలో ఉన్నాను. ఇంజిన్‌ని డైనో (శక్తిని కొలిచే యంత్రం) మీదికి ఎక్కించి పెట్రోలు ఎప్పుడెంత పడాలి, స్పార్క్ ఎప్పుడు రావాలి, టర్బో ఎంత బూస్ట్ (గాలిని లోపలికి నొక్కే ఒత్తిడి) ఇవ్వాలి అన్నది కంప్యూటర్‌కి నేర్పే పని అన్నమాట. ఉద్యోగం వల్లా, ఇక్కడ పాత కార్లంటే ప్రాణం పెట్టే సహోద్యోగుల వల్లా వేర్వేరు తరాల టర్బో కార్లు నడిపే అదృష్టం దక్కింది, అందుకే రాస్తున్నా.

ఈ కథని అందరూ హార్స్‌పవర్ లెక్కలో చెబుతారు. నన్నడిగితే ఒక్క అంకె చూడండి చాలు, కంప్రెషన్ రేషియో. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో ఉండే చోటు, పైకొచ్చాక మిగిలే చోటుకి ఎన్ని రెట్లు అన్నదే ఆ అంకె. అది ఎక్కువుంటే టర్బో ఇంకా ఊపందుకోకపోయినా బండి చురుగ్గా కదులుతుంది, మైలేజీ కూడా ఇస్తుంది. తక్కువుంటే బూస్ట్ వచ్చేదాకా ఇంజిన్ నీరసంగా ఉంటుంది. పాత టర్బో కార్లు ఎందుకలా ఉండేవో, ఇప్పటివి ఎందుకిలా ఉన్నాయో మొత్తం అందులోనే ఉంది.

టర్బో సూత్రం మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఒకటే. ఇంజిన్ బయటికి వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసుకి అటు చివరనున్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ పెట్రోలు మండించొచ్చు. ఆల్ఫ్రెడ్ బ్యూకీ అనే స్విస్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. చిక్కంతా వేడితోనే. సైకిల్‌కి గాలి కొట్టాక పంపు అడుగున చెయ్యి పెడితే కాలుతుంది చూడండి, టర్బోలోనూ అంతే, నొక్కిన గాలి బాగా వేడెక్కుతుంది. ఆ వేడి గాలిని పెట్రోలుతో కలిపి పిస్టన్ ఇంకా నొక్కితే, స్పార్క్ వెలిగించిన మంట అంతటా పాకేలోపే మిగిలిన మిశ్రమం దానంతటదే ఒక్కసారి పేలిపోతుంది. నాకింగ్ అంటే ఇదే. కాసేపు అలా కొట్టుకుందంటే పిస్టన్లు పగులుతాయి. డీజిల్‌కి ఈ బాధ లేదు, అక్కడ ముందు గాలి ఒక్కటే నొక్కుతారు, డీజిల్ ఆఖర్న పడుతుంది. మనూళ్లలో టర్బో అన్న మాట ముందు లారీల మీద కనిపించి, పెట్రోలు కార్ల మీదికి చాలా ఆలస్యంగా రావడానికి ఇదీ ఒక కారణం.

1962లో జనరల్ మోటర్స్ రెండు టర్బో కార్లు తెచ్చింది, షెవ్రొలే కోర్వెయిర్ మోంజా స్పైడర్, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. జెట్‌ఫైర్ నాకు చాలా ఇష్టమైన కథ, ఎందుకంటే వాళ్లు కంప్రెషన్ తగ్గించలేదు, ఏకంగా 10.25:1 పెట్టారు. మరి నాకింగ్ సంగతి? నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని విడిగా ఒక ట్యాంకులో పోసి, బూస్ట్ వచ్చినప్పుడల్లా ఇంజిన్‌లోకి చిమ్మేలా చేశారు. చల్లబరచడానికి అది నిజంగా మంచి ఆలోచన. కానీ కారు కొన్నవాళ్లు ఆ ద్రవం నింపడం మర్చిపోయేవారు, నింపకపోతే బూస్ట్ తగ్గిపోయేది, మళ్లీ వర్క్‌షాపు చుట్టూ తిరగాలి. చివరికి కంపెనీయే చాలామందికి టర్బో పీకేసి మామూలు కార్బ్యురేటర్ బిగించి ఇచ్చింది. 1963తో ఆ మోడల్ అయిపోయింది.

తర్వాత యూరప్ వాళ్లు ఎదురుదారి పట్టారు, కంప్రెషన్ బాగా దించేశారు. 1973లో వచ్చిన బీఎండబ్ల్యూ 2002 టర్బోలో 6.9:1, 1974 పారిస్ మోటార్ షోలో చూపించిన పోర్షే 911 టర్బోలో 6.5:1. నాకింగ్ భయం పోయింది, కానీ తక్కువ ఆర్‌పీఎంలో, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, సత్తువ కూడా పోయింది. 2002 టర్బో రెండు లీటర్ల ఇంజిన్‌తో 170 హెచ్‌పీ ఇచ్చింది, సరిగ్గా అప్పుడే చమురు సంక్షోభం వచ్చిపడటంతో 1,672 కార్లతో ఆగిపోయింది. 911 టర్బో నిలబడింది. దానికి వెనక 917 రేసు కార్ల అనుభవం ఉంది, అమెరికాలో కాన్-యామ్ రేసుల్ని 1972, 1973లో ఆ టర్బో కార్లే ఏలాయి. బూస్ట్ హద్దు దాటితే పొగని పక్కదారి పట్టించే వేస్ట్‌గేట్‌ని పోర్షే వాళ్లు ఆ రేసుల్లోనే బాగా మచ్చిక చేసుకున్నారు.

ఆ తొలి 911 టర్బోకి అంత భయంకరమైన పేరెందుకొచ్చిందో చెబుతా. మూల తిరుగుతూ యాక్సిలరేటర్ తొక్కుతారు. ఏమీ రాదు. ఇంకా తొక్కుతారు. మలుపు మధ్యలో ఉండగా 260 హెచ్‌పీ ఒక్కసారిగా మీద పడుతుంది, కంగారుపడి కాలు తీసేస్తారు, ఇంజిన్ బరువంతా వెనక ఇరుసుకి ఆవల ఉంది కాబట్టి వెనక భాగం విసురుగా బయటికి తిరిగిపోతుంది. మామూలు 911లో కూడా కాలు తీస్తే వెనక కదులుతుంది గానీ, అక్కడ పవర్ ఎప్పుడొస్తుందో డ్రైవర్ చేతిలో ఉంటుంది. ఇక్కడ అది టర్బో ఇష్టం. 1978 మోడల్‌లో 3.3 లీటర్ల ఇంజిన్, ఇంటర్‌కూలర్, మెరుగైన బ్రేకులు వచ్చి 300 హెచ్‌పీ అయింది.

ఇంటర్‌కూలర్‌కి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. టర్బో నొక్కిన గాలిని ఇంజిన్‌లోకి పంపేముందు చల్లార్చే రేడియేటర్ అంతే అది, కానీ ఏం చేస్తుందో చూడాలంటే బ్యుయిక్ గ్రాండ్ నేషనల్‌ని చూడండి. అదే 3.8 లీటర్ల వీ6, 1984లో ఇంటర్‌కూలర్ లేకుండా 200 హెచ్‌పీ, 1986లో ఇంటర్‌కూలర్ పెట్టాక 235, 1987లో 245. ఆ ఏడాది అదే జనరల్ మోటర్స్ గ్రూపులోని కార్వెట్‌కి 240! చూడటానికి నల్లటి డబ్బా లాంటి ఫ్యామిలీ కారు, వీ8 కార్వెట్‌ని దాటేసింది. మా ఆఫీసులో సీనియర్ ఒకాయన దగ్గర 1987ది ఉంది, ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే డ్రీమ్ క్రూజ్‌కి తీసుకొస్తాడు. ఒకసారి తాళం నా చేతికిచ్చాడు. సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు బద్ధకంగా, ఏదో పాత ట్యాక్సీ నడుపుతున్నట్టే ఉంటుంది, అంతలో బానెట్ కింద సన్నటి ఈల మొదలవుతుంది, ముక్కు పైకి లేస్తుంది, సీటు వీపుని నెట్టేస్తుంది. కంప్రెషన్ 8:1. ఆ బద్ధకం, ఆ తోపు రెండూ ఆ అంకెలోనే ఉన్నాయి.

స్వీడన్ సాబ్ వాళ్ల పేరు చెప్పకపోతే అన్యాయం. 1977లో చూపించిన 99 టర్బోలో పెద్ద టర్బో పెట్టి అంకెలు పెంచుకోవాలనుకోలేదు, చిన్న టర్బో పెట్టి రోజువారీ నడకలోనే బూస్ట్ వచ్చేలా చేశారు. తర్వాత ఎనభైల మొదట్లో ఏపీసీ అనే పద్ధతి తెచ్చారు, నాకింగ్ మొదలవుతోందని సెన్సర్ వినగానే బూస్ట్ దానంతటదే తగ్గుతుంది. నేను రోజూ చేసే పనికి మూలం అక్కడుంది కాబట్టి నాకు ఆ కంపెనీ అంటే ప్రత్యేకమైన గౌరవం.

రేసుల సంగతి త్వరగా చెప్పేస్తా. రెనో 1977లో ఫార్ములా 1కి టర్బో తెచ్చింది, తరచూ పొగలు కక్కేది, జనం పసుపుపచ్చ టీ కెటిల్ అని పిలిచారు, 1979లో ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో జాన్-పియర్ జబూయ్ దాంతోనే గెలిచాడు. 1983లో నెల్సన్ పికే టర్బో కారుతో ఛాంపియన్ అయిన మొదటివాడు, ఆ బీఎండబ్ల్యూ ఇంజిన్ బ్లాకు మన 2002 టర్బో కుటుంబానిదే. 1988లో మెక్‌లారెన్-హోండా 16 రేసుల్లో 15 గెలిచింది, ఆ తర్వాత టర్బోని నిషేధించారు. ఇక రోడ్డు మీద ఫెరారీ 288 జీటీఓ, 1987లో ఎఫ్40. ఎఫ్40 2.9 లీటర్ల వీ8, రెండు టర్బోలు, 478 హెచ్‌పీ, గంటకి 324 కిలోమీటర్లు. గోడకి పోస్టర్ వేసుకోవడానికి అంతకన్నా అందమైన కారు లేదు, కానీ ఇంజనీరుగా నన్ను ఆకట్టుకునేది దాని సమకాలీనమైన పోర్షే 959. అందులో రెండు టర్బోలూ ఒకేసారి పనిచేయవు. తక్కువ ఆర్‌పీఎంలో పొగంతా ఒక్కదానికే వెళ్తుంది కాబట్టి అది త్వరగా తిరుగుతుంది, పైకెళ్లాక రెండోది కలుస్తుంది.

ఆ ఆలోచననే జపాన్ వాళ్లు తొంభైల్లో మాజ్డా ఆర్‌ఎక్స్-7లో, 1993 టొయోటా సుప్రాలో మామూలు మనుషులకి అందే ధరలోకి తెచ్చారు. 1989 నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లో రెండు చిన్న టర్బోలు ఒకేసారి పనిచేస్తాయి, వాటి టర్బైన్ చక్రాలు తేలిగ్గా ఉండాలని సెరామిక్‌తో చేశారు. సుప్రా, స్కైలైన్ రెండింటిలోనూ కంప్రెషన్ 8.5:1. చూశారా, 6.5 నుంచి 8.5కి వచ్చేశాం. ఇంటర్‌కూలర్, ఫ్యూయల్ ఇంజెక్షన్, నాక్ సెన్సర్, ఒక మాదిరి తెలివున్న కంప్యూటర్ వల్లే అది కుదిరింది. జపాన్ కంపెనీలు తమలో తాము ఒప్పందం చేసుకుని కాగితం మీద 280 హెచ్‌పీ దాటకూడదనుకున్నాయి, 2004 దాకా అదే నడిచింది, ఆ అంకెని నమ్మినవాళ్లు మాత్రం తక్కువ.

నా సొంతకారు చాన్నాళ్లు 2002 మోడల్ సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్. రెండు లీటర్లు, 227 హెచ్‌పీ, మళ్లీ 8:1. మిషిగన్ మంచులో దాన్ని మించింది లేదు. ఆర్‌పీఎం 3,000 లోపు ఉంటే ఇంజిన్ నిద్రలోనే ఉంటుంది, కాబట్టి ఫ్రీవే ఎక్కేముందే గేర్ దించి సిద్ధంగా ఉండాలి. నాకు ఆ పని నచ్చేది. రోడ్డుని ముందుగా చదవడం అలవాటవుతుంది.

2006లో 911 టర్బోలో వేరియబుల్ జామెట్రీ వచ్చింది, టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలు పొగ తక్కువున్నప్పుడు సందు మూసి వేగం పెంచుతాయి. డీజిల్‌లో ఇది అప్పటికే మామూలు, పెట్రోలు పొగ వెయ్యి డిగ్రీల దాకా పోతుంది కాబట్టి ఆ వేడికి తట్టుకునే లోహం దొరికేదాకా ఆగాల్సి వచ్చింది. అసలు మలుపు మాత్రం డైరెక్ట్ ఇంజెక్షన్. పెట్రోలు సిలిండర్‌లోనే ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది. జెట్‌ఫైర్ విడి ట్యాంకుతో చేయబోయిన పనిలో పెద్ద భాగం ఇప్పుడు పెట్రోలే చేస్తోంది! దాంతో 2015లో మామూలు 911 కరెరా కూడా టర్బో అయినప్పుడు కంప్రెషన్ 10:1 పెట్టగలిగారు, 3 లీటర్లలో 370 హెచ్‌పీ. అదే ఏడాది ఫెరారీ 488 కూడా టర్బోకి మారింది. రెండూ కాలుష్య నిబంధనల ఒత్తిడి వల్లే. శబ్దం మాత్రం తగ్గింది, పొగ దారిలో చక్రం అడ్డుంటే ఆ గొంతు రాదు, నాకది నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడు లాగ్‌ని, అంటే తొక్కాక బూస్ట్ వచ్చేదాకా పట్టే ఆలస్యాన్ని, కరెంటుతో కొడుతున్నారు. ఫార్ములా 1లో 2014లో టర్బో తిరిగొచ్చినప్పుడు దాని ఇరుసు మీద మోటారు పెట్టారు, 2024 911 జీటీఎస్‌లో అలాంటిదే రోడ్డు మీదికొచ్చింది. పొగ కోసం చూడకుండా మోటారే చక్రాన్ని తిప్పేస్తుంది, బూస్ట్ ఎక్కువైతే అదే మోటారు జనరేటరై బ్యాటరీ నింపుతుంది, వేస్ట్‌గేట్ అవసరమే లేదు. రెండు టర్బోల బదులు ఒకటి సరిపోయింది, మొత్తం 541 హెచ్‌పీ. ఆ లెక్కలు చూసినప్పుడు మా బృందమంతా భోజనాల బల్ల దగ్గర అదే మాట్లాడుకున్నాం.

మీ కొనుగోలు విషయం. రోజూ నడపొచ్చు, కానీ డాలస్ జులై ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్తుంటే ఇంటర్‌కూలర్ వేడెక్కి పికప్ పడిపోతుంది, దానికి సిద్ధపడండి. 25 ఏళ్లు దాటిన కారైతే నేరుగా జపాన్ నుంచే తెప్పించుకోవచ్చు, స్టీరింగ్ కుడివైపు ఉంటుంది, అది మనకి కొత్తేం కాదు. జపాన్ నుంచి వచ్చినవి అక్కడి 100 ఆక్టేన్ పెట్రోలుకి ట్యూన్ చేసి ఉంటాయి, ఆక్టేన్ అంటే పెట్రోలు నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె, ఇక్కడ దాన్ని లెక్కించే పద్ధతి వేరు, మీ దగ్గర దొరికే 93 దానికి దగ్గరగా ఉంటుంది, అంతకు తక్కువది పోయకండి.

కొనేముందు ముఖ్యంగా అడగాల్సింది బూస్ట్ పెంచారా అని. స్కైలైన్ సెరామిక్ చక్రాలు ఎక్కువ బూస్ట్‌కి విరిగిపోతాయని పేరుంది. ఇంజిన్ వేడెక్కాక కాసేపు ఐడిల్‌లో ఉంచి యాక్సిలరేటర్ నొక్కి చూడండి, నీలం పొగ వస్తే టర్బో సీల్ నుంచి ఆయిల్ కారుతున్నట్టు. ఆయిల్ మార్చిన బిల్లులు లేని కారు ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి, నాకు తెలిసిన ఒకాయన పాత టర్బో కారు కొన్న కొద్దిరోజులకే టర్బో పట్టేసింది, విప్పి చూస్తే ఆయిల్ దారి మసితో మూసుకుపోయి ఉంది. గట్టిగా నడిపి ఇంటికొచ్చాక వెంటనే ఆఫ్ చేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, బేరింగ్‌లో ఆయిల్ మాడదు. రబ్బరు గొట్టాలు ముప్పై ఏళ్లవైతే చూడ్డానికి బాగున్నా అన్నీ మార్చేయండి.

సుప్రా, స్కైలైన్, ఆర్‌ఎక్స్-7లో రోజువారీకైతే సుప్రానే తీసుకోమంటాను. ఆ ఇంజిన్ గట్టిది, అమెరికాలో అధికారికంగా అమ్మారు కాబట్టి ఎడమ స్టీరింగ్‌తోనూ దొరుకుతుంది, మెకానిక్‌లకీ తెలుసు. కాకపోతే ధర ఇప్పుడు చాలా పెరిగిపోయింది. ఆర్‌ఎక్స్-7ది రోటరీ ఇంజిన్ (పిస్టన్ల బదులు గుండ్రంగా తిరిగే రోటర్లుంటాయి), నడపడానికి మూడింటిలో అదే హాయి, కానీ దానికి అలవాటున్న మెకానిక్ మీ ఊళ్లో ఉన్నాడో లేదో ముందు కనుక్కుని ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.