జపోటెక్ ఉన్ని తివాచీల్లో అంత ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది?

పువ్వు నుంచి కాదు, వేరు నుంచీ కాదు. పురుగు నుంచి.

మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో టియోటిట్లాన్ డెల్ వాయే అనే ఊరు, అక్కడి ఆదివాసులైన జపోటెక్‌ల ఊరు, ఈ తివాచీలకు పేరుమోసింది. ఆ చుట్టుపక్కల నాగజెముడు మట్టల మీద తెల్లటి బూజులా అంటుకుని కోచినీల్ పురుగులు బతుకుతాయి. ఆడ పురుగుల్ని గీరి తీసి, ఎండబెట్టి, మన సన్నికల్లులాంటి రాతి మీద మెత్తగా నూరతారు. ఒక్క పౌండు తూగాలంటే దాదాపు 70 వేల పురుగులు కావాలి!

అసలు అందమంతా ఆ తర్వాతే. అరచేతిలో చిటికెడు పొడి తడిపి నిమ్మరసం పిండితే నారింజ ఛాయకు తిరుగుతుంది, కాస్త వంటసోడా కలిపితే ఊదా రంగుకు. పులుపూ క్షారమూ మారుస్తూ ఒక్క పురుగుతోనే బోలెడు రంగులు తీస్తారు. ఉన్నికి ఎరుపు గట్టిగా పట్టాలంటే ముందు ఉన్నిని పటిక నీళ్లలో ఉడికించాలి. నీలానికి మాత్రం నీలిమందే.

జపోటెక్‌లకు నేత ఎప్పటినుంచో ఉంది. ఉన్ని మాత్రం తర్వాత వచ్చింది. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు గొర్రెల్నీ, కాళ్లతో తొక్కే మగ్గాన్నీ తెచ్చారు. అంతకుముందు నడుముకు కట్టుకునే మగ్గం మీద పత్తి నేసేవాళ్లు. తివాచీల మీద మెట్లుమెట్లుగా తిరిగే డిజైన్ దగ్గర్లోని మిట్లా శిథిలాల గోడల మీద రాతిలో ఇప్పటికీ కనిపిస్తుంది.

పని ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. ఒకరు ఉన్ని ఏకితే ఒకరు వడుకుతారు, ఇంకొకరు మగ్గం మీద కూర్చుంటారు. పెద్ద తివాచీకి నెలలు పడుతుంది, అందుకే ధర ఎక్కువ.