అద్దాలు అప్పుడే కొనకు

సత్యనారాయణపురం, విజయవాడ
ఆదివారం పొద్దున

తల్లీ,

నీ ఉత్తరం, రెండు కథలూ అందాయి. మేడమ్ గారూ అని రాశావు, పిన్నీ అను చాలు, మీ గుంటూరుకీ మా బెజవాడకీ మధ్య గంట ప్రయాణం, అంత దూరం ఎందుకు మనకి.

కథల సంగతి తర్వాత చెప్తా. ముందు ఉత్తరం చివర్లో రాసిన ఆ నాలుగు లైన్ల గురించి మాట్లాడాలి. ఇరవై ఏడేళ్లకే షుగర్ వచ్చింది, మా నాన్నకి ఒక కన్ను దాదాపు పోయింది, నాకు ఎన్నాళ్లు చూపుంటుందో తెలీదు, అందుకే ఉద్యోగం మానేసి రెండేళ్లు కూర్చుని అన్నీ రాసేద్దామనుకుంటున్నా అన్నావు. అది చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ కంగారు నేనూ పడ్డా, ఆ కంగార్లో చేసిన పనులన్నీ తర్వాత ఒక్కోటీ సరిచేసుకోవాల్సి వచ్చింది.

నేను గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో పదహారేళ్లు చేశా. అను ఫాంట్స్‌లో టైపు, పేజ్‌మేకర్‌లో పేజీలు పెట్టడం, ప్రూఫులు దిద్దడం, శుభలేఖలు, గైడ్లు, ఎవరెవరివో కవితా సంపుటాలు. అక్కడ ఆడవాళ్లకి బాత్రూం లేదు, పక్క బిల్డింగ్ వాళ్లని తాళం అడిగి రెండంతస్తులు ఎక్కాలి. 2009 ఎండాకాలంలో నాకు దాహం ఎక్కువైంది, గంటకోసారి వెళ్లాల్సొచ్చేది, అన్నిసార్లు తాళం అడగాలంటే మొహమాటం, అందుకని నీళ్లు తాగడమే తగ్గించేశా. బెజవాడ మే నెల, దాహం ఎవరికి వెయ్యదు అనుకున్నా. ఒళ్లు తగ్గింది, చూసినవాళ్లంతా సన్నబడ్డావు బాగున్నావు అన్నారు. తర్వాత అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. మన అక్షరాలు నీకు తెలుసుగా, ప కీ ఫ కీ, వ కీ మ కీ మధ్య చిన్న గీతే తేడా, ఇక ఒత్తుల సంగతి చెప్పక్కర్లేదు. ఒక పెద్దాయన జీవితచరిత్రలో నేను ప్రూఫు చూసిన ఫారంలో, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల్లో, పదకొండు తప్పులు ఉండిపోయాయి, అవి బయటపడేసరికి ప్రింటైపోయింది, పదహారు పేజీలు మళ్లీ వెయ్యాల్సొచ్చింది, ఆ డబ్బు నా జీతంలో కోశారు. కళ్లు పోయాయి, ఇక నా పని అయిపోయింది అని ఏడుస్తూ ఆ సాయంత్రమే బీసెంట్ రోడ్డుకెళ్లి అప్పు చేసి కొత్త అద్దాలు చేయించుకున్నా.

నెల తర్వాత ఎవరో బలవంతం చేస్తే రక్తపరీక్ష చేయించుకున్నా, పరగడుపున 268. 126, ఆపైన ఉంటే షుగర్ అంటారు. మందులు మొదలయ్యాయి, షుగర్ దిగింది, దిగాక ఆ కొత్త అద్దాలు ఎందుకూ పనికిరాలేదు, పాత అద్దాలే మళ్లీ సరిపోయాయి! కళ్ల డాక్టరు అప్పుడు చెప్పారు, షుగర్ బాగా ఎక్కువున్నప్పుడు కంట్లో లెన్సు నీరు పట్టి ఉబ్బుతుంది, దాంతో పవర్ మారిపోతుంది, షుగర్ దిగి కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే అద్దాలు రాయించుకోవాలని. నీకు అక్షరాలు మసగ్గా ఉన్నాయన్నావు కదా, అది ఇదే కావచ్చు, అద్దాలు మాత్రం అప్పుడే కొనకు. రెటీనా, అంటే కంటి వెనక పొర, దెబ్బతినడం వేరు తల్లీ. అది నొప్పి లేకుండా, ముదిరేదాకా తెలీకుండా వస్తుంది, అందుకే షుగర్ అని తెలిసిన ఏడాదే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి కంట్లో చుక్కలేయించుకుని చూపించుకోవాలి. చుక్కలేసిన రోజు కొన్ని గంటలు దగ్గరవి కనిపించవు, వెలుగు చూళ్లేం, ఆ రోజు చదివే పని ఏదీ పెట్టుకోకు, తోడు ఎవర్నైనా తీసుకెళ్లు. మీ నాన్నగారు పన్నెండేళ్లు కళ్లు చూపించుకోలేదని నువ్వే రాశావు. ఆయనకి జరిగింది నీకు జరిగి తీరాలని ఎక్కడా లేదు.

ఇప్పుడు ఉద్యోగం. మానెయ్యకు. ఇది పెద్దవాళ్లు ఊరికే చెప్పే జాగ్రత్త మాట కాదు, లెక్క చెప్తా విను. నీ కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ ఉందన్నావు, అలాంటి పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బులకి కూడా చాలావరకు మొదటి రోజునుంచే కవరేజి ఉంటుంది. ఉద్యోగం మానితే అది పోతుంది. బయట సొంతంగా పాలసీ తీసుకుంటే, ముందే ఉన్న జబ్బుకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, 2024 ఏప్రిల్‌కి ముందు అది నాలుగేళ్లు. అంటే నువ్వు కూర్చుని రాద్దామనుకున్న ఆ రెండేళ్లూ షుగర్ వల్ల ఏదొచ్చినా మొత్తం చేతి డబ్బే. ఎప్పటికైనా మానాల్సొస్తే ముందు ఆఫీసులో అడుగు, గ్రూప్ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందేమో కనుక్కో, ఫారంలో షుగర్ ఉందని దాచకుండా రాయి, దాస్తే రేపు క్లెయిమ్ కొట్టేస్తారు.

మరి రాత డబ్బులివ్వదా అంటావు. నా మొదటి కథకి 1995లో 75 రూపాయలు మనియార్డరు వచ్చింది, ఆ రోజు ఇంట్లో అందరికీ మిఠాయి కొన్నా. తర్వాత కాలంలో ఇచ్చేవాళ్లు ఇచ్చారు, కొందరు పేరు వేసి ఊరుకున్నారు, 2020లో కరోనా వచ్చాక కొన్ని వారపత్రికలు ప్రింటే ఆపేశాయి. పుస్తకం సంగతైతే, నా మొదటి సంపుటి 500 కాపీలు నా డబ్బుతోనే వేసుకున్నా, అమ్మిపెట్టేవాళ్లకి నలభై శాతం పోను ఖర్చు కూడా తిరిగి రాలేదు. జనవరిలో బుక్ ఫెస్టివల్‌లో స్నేహితుల స్టాల్లో నిలబడి పదకొండు రోజుల్లో అరవై మూడు అమ్మా. ఆ అరవై ముగ్గురిలో ఒకావిడ అవనిగడ్డ నుంచి ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. నేను రాయడం మానలేదు, మానను కూడా, కానీ మందులు ఎప్పుడూ జీతంతోనే కొన్నా, రాతని ఆ బరువు మొయ్యమని అడగలేదు. నువ్వూ అడగొద్దు. డబ్బు కోసం తొందరగా రాసిన కథ ఎలా ఉంటుందో నాకు తెలుసు, నావి ఒక ఆరేడు ఉన్నాయి, వాటిని ఏ సంపుటిలోనూ వేసుకోలేదు.

రాత్రిళ్లు మేలుకుని రాస్తున్నానన్నావే, అది నాకు భయంగా ఉంది. నేనూ ఒకప్పుడు అంతే. దీపావళి ప్రత్యేక సంచిక పోటీకి కథ రేపటికల్లా పంపాలి, రాత్రి షుగర్ మాత్ర వేసుకున్నా, అన్నం తర్వాత తిందాంలే అని కూర్చున్నా. పదకొండింటికి చేతులు వణుకు, చెమట, గుండె దడ, కథ టెన్షన్ అనుకుని ఇంకా రాస్తూనే ఉన్నా. మా అబ్బాయి లేచి చూసి మిషన్‌తో టెస్ట్ చేస్తే 54. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాడు, పదిహేను నిమిషాలకి మళ్లీ చూశాడు, 70 దాటాకే వదిలాడు. పొద్దున ఆ పేజీలు చూస్తే వాక్యం మొదలొకచోట, చివరొకచోట, పాత్ర పేరే మారిపోయింది. నువ్వు ఇప్పుడు వేసుకునేది మెట్‌ఫార్మిన్ ఒక్కటే కాబట్టి ఇలా అవడం అరుదే, కానీ రేపు వేరే మాత్ర కలిపితే డాక్టర్ని మొదట ఇదే అడుగు, దీనితో షుగర్ పడిపోతుందా అని. రాసే బల్ల మీద గ్లూకోజ్ పొడి పెట్టుకో. నేనిప్పుడు పొద్దున అయిదు నుంచి ఆరున్నర దాకా రాస్తా, ఆ తర్వాత కాలవ గట్టు వెంట నడక, టిఫిను. రోజుకి పేజీ కూడా అవ్వదు చాలాసార్లు. అయినా నాలుగు సంపుటాలయ్యాయి.

ఇన్సులిన్ దాకా వస్తే అయిపోయినట్టే అని కూడా రాశావు, ఆ మాట కొట్టెయ్. నేను అయిదేళ్లుగా వేసుకుంటున్నా. ఒక డాక్టరుగారి పుస్తకం టైపు చేస్తూ చదివా, 1922 జనవరిలో టొరంటోలో షుగర్ ఉన్న పద్నాలుగేళ్ల పిల్లాడికి మొదటి ఇన్సులిన్ ఇస్తే సరిగ్గా పనిచెయ్యలేదట, మందు శుభ్రంగా లేదు. దాన్ని శుద్ధి చేసి పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఇచ్చారు, అప్పుడు ఆ పిల్లాడు తేరుకున్నాడు, ఇంకో పదమూడేళ్లు బతికాడు. అంతకుముందు అలాంటి పిల్లలకి కడుపు మాడ్చడం తప్ప వేరే దారి లేదు. ఆ పేజీ టైపు చేస్తూ నేను కాసేపు ఆగిపోయా.

ఇక కథలు. మొదటిది పక్కనపెట్టు, అది నువ్వు చదివిన కథల్లోంచి వచ్చింది. రెండోది నీది. మిర్చి యార్డు పక్కన కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే ఆ అమ్మ, ఇంటికొచ్చి మంటెక్కిన చేతులకి కొబ్బరినూనె రాసుకుని, అయినా మనవడి మొహం ముట్టుకోకుండా మోచేత్తో దగ్గరికి తీసుకోవడం ఉంది చూడు, అది నేను ఎక్కడా చదవలేదు. అక్కడ నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. అలాంటి మనిషిని చివరి పేజీలో ఎందుకు చంపేశావు? అప్పటిదాకా నెమ్మదిగా నడిచిన కథ ఆఖర్న ఒక్కసారిగా పరుగెత్తింది, కథ త్వరగా అయిపోవాలని నీకే ఉంది, ఆమెకి లేదు.

చివరి రెండు పేజీలు తీసెయ్. ఆమె మర్నాడు తెల్లారుజామున లేస్తుంది కదా, ఆటోలో పదిమందితో ఇరుక్కుని యార్డుకి వెళ్తుంది కదా, అక్కడ్నుంచి రాయి. నెల పట్టినా పర్లేదు. ఈలోగా ఆ మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష చేయించుకుంటావుగా, ఆ అంకె కూడా కథతో పాటు రాసి పంపు, ఎంతున్నా సరే నాకు చెప్పు.

ఉంటా,
మీ పిన్ని