‘మొన్న’ ఎటు పోవాలి?

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. ‘ఇఫ్’, ‘వెన్’, ‘బికాజ్’లతో వచ్చే ఉపవాక్యం ముందుంటే దాని తర్వాత కామా పెట్టాలని, వెనకుంటే అక్కర్లేదని పిల్లలకు నేర్పిస్తున్నాను. వాళ్లు తెలుగులో కూడా ‘వాన పడితే, నాట్లు వేస్తరు’ అని రాస్తున్నారు. మా తెలుగు సారు ఆ కామాలన్నీ కొట్టేస్తున్నారు. ఎవరిది ఒప్పు?

సమాధానం: మీ తెలుగు సారుదే. కాకపోతే ‘అన్నీ’ కొట్టేస్తున్నారంటే ఆయన చేతిని కూడా కాస్త పట్టుకోవాలి.

‘ఇఫ్ ఇట్ రెయిన్స్’లో క్రియ చివర ఇది ఉపవాక్యమని చెప్పే గుర్తేదీ లేదు. ఉపవాక్యం ఎక్కడ ఆగిందో కామానే చూపాలి. మన ‘పడితే’లో ఆ ‘తే’నే చెప్తుంది, మాట ఇంకా ఉందని. దీన్నే చేదర్థకం అంటారు. ‘పడి’, ‘పడుతూ’, ‘పడినా’లదీ అదే పద్ధతి. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలో క్త్వార్థకానికీ (‘పడి’ లాంటి రూపం) చేదర్థకానికీ సూత్రాలున్నాయి, కామాకు లేదు. తాటాకుల కాలమంతా కామా లేకుండానే గడిచింది.

మరి ఎక్కడ కావాలి? ఈ వాక్యం చూడండి: ‘నేను మొన్న నల్లగొండ నుంచి వచ్చిన సారును కలిసిన.’ మొన్న జరిగింది ఏది? సారు రావడమా, నేను కలవడమా? ‘మొన్న’ అనే మాట ‘వచ్చిన’ మీదా వాలుతుంది, ‘కలిసిన’ మీదా వాలుతుంది. ‘నేను మొన్న, నల్లగొండ నుంచి వచ్చిన సారును కలిసిన’ అంటే కలిసింది మొన్న. ‘నేను, మొన్న నల్లగొండ నుంచి వచ్చిన సారును కలిసిన’ అంటే సారు వచ్చింది మొన్న. నోటితో చెప్పేటప్పుడు ఎక్కడ ఆగుతామో అక్కడే కామా. మాటను జరిపి ‘నల్లగొండ నుంచి వచ్చిన సారును మొన్న కలిసిన’ అంటే అదీ అక్కర్లేదు. నాకైతే ఈ జరపడమే ఇష్టం.

ఇంగ్లీషులో ‘మై బ్రదర్’ తర్వాత ‘హూ లివ్స్ ఇన్ దేవరకొండ’ను కామాల మధ్య పెడితే అన్న ఒక్కడే అని, పెట్టకపోతే ఇంకా ఉన్నారని అర్థం. మనకు ఆ తిప్పలు లేవు. పెద్దన్న, నడిపన్న, చిన్నన్న అని పిలుపులోనే లెక్క తేలిపోతుంది.

ఇక మీ పాఠంలో ఒక లోటు. ఉపవాక్యం వెనకొచ్చినా ముందు ‘నాట్’ ఉంటే జాగ్రత్త. ‘ఐ డిడ్ నాట్ కమ్ బికాజ్ యు కాల్డ్ మీ’ని కామా లేకుండా రాస్తే, వచ్చాను గానీ నీ పిలుపు వల్ల కాదు అని చదువుకోవచ్చు. ‘బికాజ్’ ముందు కామా పెడితే అసలు రానేలేదని, ఆ పిలుపే కారణమని. తెలుగులో ఈ తేడాను మాటలే మోస్తాయి: ‘నువ్వు పిలిచినవని రాలే, పనుండి వచ్చిన’ ఒకటి, ‘నువ్వు పిలిచినవు కాబట్టే రాలే’ ఇంకొకటి.

పిల్లల నోట్సుల్లో ‘ఎందుకంటే,’ అని దాని తర్వాత కామా కనిపిస్తే మాత్రం మొహమాటం లేకుండా కొట్టేయమనండి. ‘నేను రాలేదు. ఎందుకంటే బస్సు దొరకలేదు.’ ‘రాలేదు’తో వాక్యం అయిపోయింది, అక్కడ చుక్క చాలు. ‘బస్సు దొరకక రాలేదు’ అని రాసిన పిల్లవాడికి నేనైతే ఒక మార్కు ఎక్కువే వేస్తాను.