సోలార్ 22 శాతమా, 8 శాతమా?

దేశ కరెంటులో సోలార్ వాటా మీ షీట్‌లో 22 శాతం వస్తోందనీ, అధికారిక అంకె 8 శాతమనీ, తేడా ఎందుకనీ అడిగారు. మీ షీట్‌లో కెపాసిటీ (స్థాపిత సామర్థ్యం) వాటానే ఉత్పత్తి వాటాగా వేశారు, అందుకే అధికారిక అంకెతో కలవట్లేదు. 2025 మార్చి 31 నాటికి దేశంలో సోలార్ దాదాపు 106 గిగావాట్లు, అన్నీ కలిపి 475. మీ 22 శాతం అక్కడిది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఉత్పత్తైన యూనిట్లలో చూస్తే 8 శాతమే.

1. ఏడాది ఉత్పత్తి = గిగావాట్లు × 8,760 గంటలు × సీయూఎఫ్ (పూర్తి సామర్థ్యంలో ఏడాది సగటున నిజంగా వచ్చే శాతం). సోలార్‌కి 18 శాతం వేయండి. 1 గిగావాట్‌కి ఏడాదికి సుమారు 158 కోట్ల యూనిట్లు.

2. అందరూ వదిలేసేది ఇదే: మార్చి 31 అంకెని ఏడాదంతటికీ గుణించకండి. ఏడాది మొదట్లో ఉన్నది 82 గిగావాట్లే. సగటు 94 పెడితే సుమారు 14,850 కోట్ల యూనిట్లు. దేశంలో అన్ని రకాల మొత్తం ఉత్పత్తి సుమారు 1,82,000 కోట్ల యూనిట్లు, అంటే సోలార్ 8 శాతం. ఇక్కడ 106 పెట్టారంటే 9 శాతం దాటిపోతుంది.

3. మీ రెండో ప్రశ్న, సగం కరెంటు సోలార్‌దే కావాలంటే: 91,000 ÷ 158, అంటే సుమారు 575 గిగావాట్లు.

ఇక్కడితో ఆపితే లెక్క సగమే. 575లో మధ్యాహ్నం 70 శాతం వచ్చినా 400 గిగావాట్లు. 2024 మే 30 నాటి రికార్డు డిమాండే 250. కాబట్టి వార్షిక మొత్తం కాదు, గంటలవారీ కాలమ్ పెట్టండి. మిగులుని బ్యాటరీకో, శ్రీశైలం ఎడమగట్టు లాంటి పంప్డ్ స్టోరేజీకో (మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, తర్వాత వదిలి కరెంటు తీసే పద్ధతి) మళ్లించండి (శ్రీశైలం ఎడమగట్టుది 900 మెగావాట్లే, అంటే ఒక గిగావాట్ కూడా కాదు, గుర్తుంచుకోండి). బ్యాటరీకి 15, పంపింగ్‌కి 20-25 శాతం నష్టం తీసేయండి. ఆ నష్టం మేరకు 575 ఇంకా పెరుగుతుంది.